పసిపిల్లల త్రాసు మీద రాగి ముద్ద

నా ఉద్యోగ జీవితమంతా పరుల రక్తం మీదే గడిచింది. ఈ మాట వడ్డీ వ్యాపారి చెబితే బాగా నప్పుతుందేమో కానీ, నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని.

మాది చింతామణి, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే ఊరు. మా తాతలు గుడి సేవ చేసుకుని, నాలుగు శ్లోకాలు చెప్పుకుని బతికినవాళ్ళు. వాళ్ళ మనవడు పొద్దున్నే జనం వేళ్ళు పొడిచే పనిలో చేరాడని చెప్పుకోలేక, మా అమ్మ బంధువులందరికీ "వాడిది ఆసుపత్రిలో ఆఫీసు పని" అని చెప్పేది. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేయనిదే వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. ఆ స్నానం అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఇప్పుడు దేన్ని కడుక్కుంటున్నానో తెలియదు కానీ, కడుక్కుంటూనే ఉన్నాను.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీకు కాలేజీలో చెప్పే మొదటి మాట, రక్తం అబద్ధం చెప్పదని. నిజమే. అయితే అది అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది. అడగనిది తనంతట తాను చెప్పదు. ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు, పరగోడు అనే పల్లె రైతు ఒకాయన వల్ల తెలిసింది.

అప్పుడు నేను పనిచేస్తున్నది ఒక చిన్న ఆసుపత్రి. ఏ ఊరో చెప్పను. చింతామణి నుంచి బాగేపల్లి వైపు బస్సెక్కితే దారిలో ఎక్కడో దిగాలి, అంతవరకు చాలు. వారానికి ఒకరోజు అక్కడ సక్కర జబ్బు వాళ్ళ క్లినిక్. పొద్దున ఏడు కాకముందే బెంచీలు నిండిపోయేవి. వచ్చినవాళ్ళు ఆకలి మీద ఉండేవాళ్ళు, అంటే కోపం మీద ఉండేవాళ్ళని అర్థం. ఆ కోపానికి ఎదురుపడే మొదటి మనిషిని నేనే.

డాక్టరమ్మ సముద్రం పక్క ఊరి నుంచి వచ్చింది. మంచి మనిషి, చదువు బాగా ఉంది, ఓపిక ఇంకా ఉంది. ఆమె పుట్టి పెరిగిందంతా అన్నం, చేపల మధ్య. రాగి ముద్దను మొదట చూసింది బెంగళూరులో ఏదో హోటల్లోనట. అక్కడ అది నారింజకాయంత ఉంటుంది, దాన్ని వేడుకగా ఫొటో కూడా తీసుకుందట. మా వైపుకు బదిలీ అయ్యాక, ఇక్కడివాళ్ళకు సక్కర జబ్బులో ఏం తినాలో చెప్పడం చాలా సులువని ఆమెకు అనిపించింది. "అన్నం మానేయండి, ముద్ద తినండి." కన్నడంలో చెప్పినా, తెలుగులో చెప్పినా నాలుగే మాటలు. వచ్చినవాళ్ళు కూడా సంతోషించారు. నోటికి రుచించేదాన్నే మందని చెప్పే డాక్టరు ఎంతమందికి దొరుకుతారు!

నర్సమ్మ మాత్రం లోకల్ మనిషి. గొంతు విప్పితే బస్టాండులో కండక్టర్లు తిరిగి చూసేవాళ్ళు. ఆమెకూ సక్కర ఉండేది. నెలకోసారి నా దగ్గరికి వచ్చి వేలు చాపి, "చూడు, చూసి నాకు మాత్రం చెప్పొద్దు" అనేది. రసాయనాలు పెట్టుకునే మా ఫ్రిజ్‌లో వెనకవైపు ఒక మైసూరుపాకు పొట్లం ఉండేది. అది ఎవరిదని నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ప్రభుత్వ ఉద్యోగంలో స్నేహాలు ఇలాంటి వాటి మీదే నిలబడతాయి.

ఇక ఆ రైతు. పొలాలున్న ఇంటి మనిషి, అరవై దాటినవాడు. పరగోడులో అన్నదమ్ములు గట్టు దగ్గర తగవు పడితే, బోరు నీళ్ళ వంతు తేలకపోతే ఆయన దగ్గరికే పోయేవాళ్ళట. ఆయన "అట్లే" అన్నాడంటే అది ముద్ర పడినట్టే. మాట తక్కువ. వరసలో తనకంటే వెనక వచ్చినవాడు ముందుకు తోసుకుపోయినా ఏమీ అనేవాడు కాదు. భార్య మాత్రం అనేది.

ఆయన కుడికాలి చిటికెన వేలికి ఒక పుండు ఉండేది. పొలంలో రాయి తగిలిందట. సక్కర దిగితే మానిపోయే పుండే. దిగకపోతే వేలు తీయాల్సి వస్తుందని, అప్పటికీ కుదరకపోతే పాదం దాకా పోవచ్చని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. చేను చూసుకోవడం, నీళ్ళు కట్టడం తప్ప వేరే లోకం లేని మనిషికి పాదమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఆయన విని, "మీరు చెప్పినట్లే చేస్తానమ్మా" అన్నాడు.

నెల నెలా పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి రక్తం చూసేవాణ్ణి. రెండూ ఫరవాలేదనిపించేవి. మూడు నెలల సగటు తేల్చే పరీక్ష ఇంకొకటి ఉంది. దాన్ని చిక్కబళ్ళాపురం పంపించేవాళ్ళం. అక్కడి నుంచి వచ్చిన కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ మూడు నెలల్లో సక్కర దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది. మనిషి చిక్కిపోయాడు. వేలు నల్లబడటం మొదలైంది.

పరీక్ష రోజు బాగుంది, మిగతా రోజులు బాగాలేదు. దీనికి ఎవరైనా ఒకటే అర్థం చెబుతారు. డాక్టరమ్మ కన్నడ మర్యాదతో, నెమ్మదిగానే చెప్పింది. "యజమాన్రే, మీరు దాచితే నేనేమీ చేయలేను." నర్సమ్మకు నెమ్మది తెలియదు.

"ఏమప్పా, పరీచ్చ దినం పస్తు, తక్కిన దినాలు పండగా? దొరికేదాకా అందరూ దొరలే!"

బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆయన నిలబడ్డాడు.

"ఏం చెప్తాండావమ్మా? మీరు చెప్పిందే తింటాండా. అన్నం మెతుకు ముట్టి ఎన్నాళ్ళాయనో. ముద్ద తప్పితే నోట్లో ఏమీ పెట్టలా."

అప్పుడు ఆయన భార్య అందుకుంది. "నాకూ అదే అనుమానం మేడమ్. ఇంట్లో బెల్లానికి బీగం వేసినా. శనక్కాయ ఉండలు అటక మీద పెట్టినా. ఇంట్లో దొరికే దావ లేదు. బయట యాడో తింటాండాడు ఈయప్ప."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "యాడ తింటా? నన్ను ఎరిగినదానివి నువ్వా ఈ మాట అనేది?" అన్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, పుండు ఉన్న కాలు ఈడ్చుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. మరుసటి నెల రాలేదు. ఆ పై నెల కూడా రాలేదు.

తర్వాత పరగోడు స్కూల్లో పిల్లలకు రక్తహీనత పరీక్షలు పడ్డాయి. నేను వ్యాను ఎక్కుతుంటే నర్సమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, "ఆయప్పది కూడా కాస్త నెత్తురు పట్టుకోని రా. ఆ దినం నేను నోరు జారినా" అంది. ఆమె ఎవరి గురించైనా గొంతు తగ్గించి మాట్లాడటం నేను విన్నది అదే.

స్కూలు పని మధ్యాహ్నానికి అయిపోయింది. ఇల్లు వెతుక్కుంటూ పోతే ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వేలికి పసుపు గుడ్డ. గుడ్డ చివర నలుపు కనిపిస్తోంది. నేను సూది పెట్టె తెరవబోతుంటే లోపలి నుంచి భార్య వచ్చి అడ్డం పడింది.

"ఇంటికొచ్చినోళ్ళు నెత్తురు తీసుకోని పోయేది యాడన్నా ఉండాదా సార్? కూడు తిన్నాక ఎంత కావాల్నో అంత తియ్యండి."

మా ఇంట్లో అన్నమే. ముద్ద గురించి విన్నదే ఎక్కువ, తిన్నది తక్కువ. ఇద్దరికీ పళ్ళేలు పెట్టింది. ఉలవల చారు, వేయించిన అనపగింజలు. తర్వాత సంగటి కట్టెతో గెలికిన కుండ దింపి, తడి చేత్తో ముద్ద చేసి నా పళ్ళెంలో వేసింది. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది.

"అమ్మా, ఇది ఇద్దరికా?"

ఆమె నవ్వింది. "మీకు చిన్నదే చేసినా సార్. టౌనోళ్ళు కదా."

ఆయన పళ్ళెంలో పడింది పెద్దది. మంచి కొబ్బరికాయ ఒలిస్తే ఎంత ఉంటుందో అంత ఉంది. నేను నాదాన్ని తుంచి నములుతుంటే ఆయన మర్యాదగా, "నమలొద్దు సార్, చార్లో అద్ది మింగల్ల" అని నేర్పాడు. సగం కూడా అయ్యేసరికి నాకు ఊపిరి బరువైంది. ఆయన నిదానంగా, మందు తీసుకుంటున్నంత శ్రద్ధగా మొత్తం తిన్నాడు. ఆకలితో తింటున్నట్టు లేదు. చెప్పిన మాట నిలబెట్టుకుంటున్నట్టు ఉంది.

"మీ ఇంట్లో అందరికీ ముద్ద ఇంతేనామ్మా?" అన్నాను.

"లేదు సార్. మాకు మామూలుదే. ముందు ఈయప్పకూ అంతే. ముద్ద తిని, దాని పైన చారన్నం, మజ్జిగన్నం తింటా ఉండె. మీరు అన్నం మానిపిస్తిరి కదా. మనిషి చూడండి, ఎట్ల చిక్కిపాయనో. అందుకే ఆ అన్నం బదులు ముద్దనే పెద్దది చేస్తాండా. మూడు పూట్లా. చిక్కే కొద్దీ ఇంకొంచెం పెద్దది చేస్తాండా. రాగులే కదా, మేడమే చెప్పె."

"మరి క్లినిక్ దినం?"

"ఆ దినం ఏముండాది సార్. సూదులని ముందు రోజు రాత్రి మజ్జిగ తాపి పండబెడ్తా. మీ కాడికి చిన్న డబ్బాలో ఇంత ముద్ద మజ్జిగలో పిసుక్కోని వస్తా. పెద్ద డబ్బా బస్సులో మోసేకి కాదు."

ఏళ్ళ తరబడి నేను చదివిన అంకెలన్నీ ఆ వంటింటి గడప ముందు ఒక్కసారిగా అర్థమయ్యాయి. సక్కర పెరిగి మనిషి చిక్కుతున్నాడు. చిక్కుతున్నాడని ముద్ద పెరుగుతోంది. ముద్ద పెరిగేకొద్దీ సక్కర పెరుగుతోంది. రాగి మంచిదే, కానీ అదీ పిండే. మావాళ్ళు ఇంటికి వచ్చినవాణ్ణి ఎన్ని ముద్దలని అడుగుతారు, ఎంత ముద్ద అని ఎవరూ అడగరు. ఒక్కో ఇంటిది ఒక్కో చెయ్యి. డాక్టరమ్మ నారింజకాయను తలుచుకుని చెప్పింది, ఈమె కొబ్బరికాయను తలుచుకుని విన్నది.

నేను ఆయన పళ్ళేన్ని చూసి, ఆయన కాలిని చూసి, నోరు తెరవబోయాను. ఆయన నా చూపు వెంటే చూసినట్టున్నాడు. "సార్‌కు మజ్జిగ తెచ్చి పొయ్యి" అని భార్యను లోపలికి పంపాడు. నేను రెండు ముక్కల్లో విషయం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎంగిలి చెయ్యి పళ్ళెం మీద అలాగే పెట్టుకుని వంటింటి వైపు ఒకసారి చూశాడు.

"ఈ మాట ఆమె చెవిన పడనీయొద్దండి సార్."

"మరి ముద్ద తగ్గాలి కదప్పా."

"తగ్గిస్తా. నేను చూసుకుంటా. ఈ ఏలు ఉన్నా పోయినా, తన చేతి కూటితో పాయనని ఆమె అనుకోకూడదు. అట్ల అనుకునిందంటే మళ్ళా ఆ కట్టె పట్టదు."

మజ్జిగ వచ్చింది. తాగాను. రక్తం తీసుకున్నాను. అప్పటికే నాకు పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. దారి పొడుగునా వ్యానులో ఆ మనిషి మీద అసూయగా ఉండింది. ఎందుకు దాచాలి, అసూయే.

సాయంత్రం డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. ఆమె ఆయన పాత కాగితాలు తీయించి మళ్ళీ చూసింది. తర్వాత నర్సమ్మను పిలిచి, "మీ ఇంట్లో ముద్ద ఎంత ఉంటుంది?" అని అడిగింది. నర్సమ్మ రెండు చేతులూ కలిపి చూపించింది. "ఇంత! ఎవురింట్లోనైనా ఇంతే కదా మేడమ్, అందులో అడిగేకి ఏముండాది?" అంది. డాక్టరమ్మ నుదురు పట్టుకుంది.

"అందరి ముందూ ఆయన్ను అనుమానించాను. అందరి ముందే తప్పయిందని చెప్పాలి" అంది నాతో.

"ఆయన వద్దన్నాడు మేడమ్" అన్నాను.

తర్వాతి క్లినిక్ రోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. బెంచీల నిండా జనం. డాక్టరమ్మ ఏదో అనబోయి గొంతు సవరించుకుంటుండగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"తప్పయింది మేడమ్. నేను దాపెట్టినా. బస్టాండు కాడ హోటల్లో తింటా ఉంటి. ఇంకమీద తినను."

అన్నదమ్ముల తగవుల్లో "అట్లే" అంటే తిరుగులేని మనిషి, అంతమంది ముందు, గొంతు వణక్కుండా చెప్పాడు. అలవాటు లేని పని కాబట్టి కొంచెం గట్టిగా చెప్పాడు.

"నేను చెప్పలా!" అంది భార్య. ఆమె మొహంలో కోపం కంటే గెలుపే ఎక్కువ కనిపించింది. "ఇన్నాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేస్తివి కదప్పా!"

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను సూది వైపు చూశాను. చెప్పాలని తెచ్చుకున్న మాటను ఆమె మింగేసి, ఆయనకు కొత్త తిండి చెప్పింది. పళ్ళెంలో సగం ఆకుకూర, కాయలు. పావు వంతు పప్పో ఉలవలో. మిగిలిన పావులో పిడికెడు ముద్ద. ఆకలైతే ఇంకో గరిటె ఆకుకూర, ఇంకో గ్లాసు మజ్జిగ. రాగి గంజిలో బెల్లం వద్దు. ఆయన భార్యతో, "విన్న్యావు కదా, నేను చేసిన పనికి ఇది శిక్ష. ముద్ద పిడికెడే చెయ్యి" అన్నాడు. "చేస్తా, ఇంకా చిన్నది చేస్తా" అందామె కసిగా.

పుండుకు మాత్రం అది ఆలస్యమే. చిక్కబళ్ళాపురంలో చిటికెన వేలు తీసేశారు. కానీ ఈసారి వచ్చిన మూడు నెలల కాగితంలో సక్కర దిగింది, కోసినచోట మానింది, పాదం నిలిచింది. కాలు ఎత్తి వేస్తూ మళ్ళీ చేలోకి పోతున్నాడని తెలిసింది. పరగోడు నుంచి వచ్చే బస్సులో ఆయన భార్య పక్కన ఎవరు కూర్చున్నా ఈ కథ వినాల్సిందే. "పూటకింత వండి పెడ్తాంటే హోటళ్ళ పాలయి ఏలు పోగొట్టుకునె మా ఆయప్ప" అని ఆయన ఎదురుగానే చెప్పేది. ఆయన వినేవాడు. ఎవరైనా ఆయనవైపు చూస్తే అవునన్నట్టు తలూపేవాడు.

డాక్టరమ్మ ఆ ఒక్కడితో ఊరుకోలేదు. ఒకరోజు క్లినిక్‌కు ఇంట్లో మామూలుగా చేసే ముద్దను డబ్బాలో పెట్టుకుని రమ్మని ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆసుపత్రిలో ఉన్న త్రాసు పసిపిల్లలను తూచేది ఒకటే. దాని మీద తెల్లకాగితం పరిచారు. చుట్టూ పది ఊళ్ళ ముద్దలు వచ్చాయి. నర్సమ్మ ఒక్కోదాన్నీ రెండు చేతులతో ఎత్తి త్రాసు మీద పెట్టి, "ఇది మగపిల్లోడు! బరువు బాగుండాది!" అని అరుస్తుంటే బెంచీలు విరిగేలా నవ్వారు. తన ఇంటి ముద్ద తూగినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. మరుసటి రోజు ఫ్రిజ్‌లో మైసూరుపాకు కూడా కనిపించలేదు. నేను అడగలేదు.

నవ్వులు తగ్గాక డాక్టరమ్మ ఒక పెద్ద ముద్దను చేతిలోకి తీసుకుని చెప్పింది. ఆమె అప్పటికి మా తెలుగు నేర్చుకుంది. "రాగి మంచిదే. కానీ అన్నం మానేసి ఇంత ముద్ద తింటే సక్కర దిగదు, ఎక్కుతాది. మీ ఇంట్లో మనిషి దొంగతిండి తినకపోయినా ఎక్కుతాది. ముందు ఈ సంగతి చెప్పకపోవడం నాదే తప్పు."

పరగోడు రైతు భార్య వరసలో నాలుగో మనిషి. ఆమె చేతిలో చిన్న డబ్బా, అందులో పిడికెడు ముద్ద. నలుగురికీ చూపించి మెప్పు పొందాలని వచ్చింది. ఆ మాట వినగానే ఆమె త్రాసు మీదున్న ముద్దను చూసింది. తన చేతుల్ని చూసుకుంది. వరసలోంచి తప్పుకుని బయటికి నడిచింది.

ఆయన వరండాలో నా ల్యాబు కిటికీ కింద బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. నేను లోపల గాజు పలకలు తుడుచుకుంటున్నాను. వినకూడదని కిటికీ మూయబోయాను, మూయలేకపోయాను.

"ఏ హోటల్లో తింటివి నువ్వు?"

"ఇప్పుడేంటికి ఆ మాట?"

"చెప్పప్పా."

"చెప్పినా కదా. బస్టాండు కాడ."

"ఏం తింటివి?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "పూరీ."

"పూరీకి నంచుకునేకి ఏమిస్తారు?"

పుట్టి బుద్ధెరిగాక బయట ఎంగిలి పడని మనిషి. రోడ్డు వైపు చూశాడు, ఆసుపత్రి గేటు వైపు చూశాడు. ఆమె కదలకుండా అడిగిన చోటే ఆగి ఉంది.

"చారు" అన్నాడు చివరికి.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వంగి, అంతమంది చూస్తుండగానే, ఆయన కుడికాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. బెంచీ మీద ఉన్నవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు.